అల్లుడుగారు తిన్న రాత్రి

నమ్మకపోయినా నేనేమీ అనుకోను. కానీ ఒక్క మాట. ఇది నేను అల్లి చెప్పేదే అయితే ఇంతకంటే బాగా అల్లేదాన్ని. తెల్లచీర పెట్టేదాన్ని. గజ్జెల చప్పుడు పెట్టేదాన్ని. విరబోసుకున్న జుట్టు, వెనక్కి తిరిగిన పాదాలు... ఏదీ వదిలేదాన్ని కాదు. ఇందులో అవేమీ లేవు. ఒక చేప ఉంది. ఒక తూటికూర కట్ట ఉంది. ఒక చప్పుడు ఉంది. అంతే. అబద్ధం చెప్పేవాళ్లు ఎవరైనా ఇంత చప్పటి అబద్ధం చెప్తారా?

నా కళ్లతో చూశాను. నా చెవులతో విన్నాను. మర్నాడు నా నోటితో తిన్నాను కూడా. అదేమిటో తర్వాత చెప్తాను.

సునామీ వచ్చిన ఏడాది. మాది పోర్ట్‌బ్లెయిర్, డాలీగంజ్. ఇప్పటికీ అదే ఇల్లు. మా ఆయన పేరు సింహాచలం, వెల్డింగ్ పని. ఆయన పుట్టింది పెరిగింది ఈ దీవిలోనే. నేను మాత్రం పెళ్లయ్యాక శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి, దారి పొడుగునా వాంతులు చేసుకుంటూ వచ్చినదాన్ని. ఇంట్లో మేమిద్దరం, మా అత్త. ఇంకా... అల్లుడుగారు.

పిల్లలే లేనివాళ్లకి అల్లుడెక్కడి నుంచి వచ్చాడంటారా? చేపండీ. అల్లుడుగారంటే చేప.

మా ఆయనకి నిమాయి అని ఒక స్నేహితుడు. బెంగాలీ కుర్రాడు, మాకు ఉత్తరాన రంగత్ దగ్గర వాళ్ల ఊరు. ఎక్కడ పని దొరికినా ఇద్దరూ కలిసే వెళ్లేవాళ్లు. ఇనుము కోసేది నిమాయి, అతికేది మా ఆయన. ఒకసారి ఊరికెళ్లి వస్తూ ప్లాస్టిక్ సంచిలో వేలెడంత చేపపిల్లను తెచ్చాడు. వాళ్ల నాన్న చెరువులోదట. గురామి అంటారట.

"బౌదీ, జమాయి ఆ గయా. సంభాలో," అన్నాడు సంచి నా చేతిలో పెట్టి.

బౌదీ అంటే వాళ్ల భాషలో వదిన. జమాయి అంటే అల్లుడు. అల్లుడొచ్చాడు, ఇక నీదే బాధ్యత అని. వేలెడు చేపే కదా, గాజు సీసాలో వేద్దాంలే అనుకున్నాను. ఎక్కడ... ఏడాది తిరిగేసరికి జానెడయింది. ఇంకో ఏడాదికి మూరెడు దాటింది. నుదురు ఉబ్బి, పెదాలు లావెక్కి, మొహమంతా అలకే. పెళ్లిలో స్కూటర్ ఇవ్వలేదని అలిగిన అల్లుడు ఎలా ఉంటాడో అచ్చం అలా. నిమాయి ఏ నోట పెట్టాడో ఆ పేరు, సరిగ్గా అతికింది.

తిండి చూడాలి. చేపంటే పురుగూ పుట్రా తింటుందనుకుంటాం. ఈయనగారికి ఆకులు కావాలి. తూటికూర, మందారాకు, బొప్పాయి ముక్క, అరటిపండు తొక్క. ఉడికించిన బంగాళాదుంప పెడితే ఆ రోజు పండగే. నేను కూరకి తెచ్చుకున్న ఆకులో సగం ఆయనకే పోయేది. హాల్లో సోఫా వేసుకుందామని నేను ఎన్నాళ్లుగానో అడుగుతున్నాను. సోఫా రాలేదు కానీ ఆ చోటికి తొట్టె వచ్చింది. మా ఆయనే ఇనుప చట్రం అతికి, దుకాణాల ముందు బిగించే మందపాటి అద్దాలు తెచ్చి కట్టాడు. మంచమంత తొట్టె. పైన చెక్క మూత.

పనినుంచి రాగానే మా ఆయన నన్ను పలకరించేవాడు కాదు. కాళ్లయినా కడుక్కోకుండా తొట్టె దగ్గరికి. వేలికి ఇనుప ఉంగరం ఉండేది, దాంతో అద్దం మీద కొట్టేవాడు. టక్ టక్. అల్లుడు వచ్చేవాడు. మా ఆయన వేలు అద్దం మీద ఈ చివర్నుంచి ఆ చివరికి మెల్లగా జరిపేవాడు. చేప ఒక్క కన్ను ఆ వేలి మీదే ఉంచి దాని వెనకే సాగేది. మళ్లీ ఇటు. మళ్లీ అటు. ఇద్దరికీ విసుగుండేది కాదు. నేను అదే వేలు పెడితే వెనక్కి తిరిగి తోక చూపించేది. నేను దాన్ని సవతి అని కూడా తిట్టేదాన్ని. అల్లుడు, సవతి... రెండూ అదే.

నిమాయి వచ్చినా అంతే. అన్నానికి కూర్చోమంటే, "పెహలే జమాయి," అనేవాడు. ముందు అల్లుడు తినాలి, తర్వాతే తను. తొట్టె దగ్గర కింద కూర్చుని తూటికూర కట్ట విప్పేవాడు. ఆకులన్నీ దూసి ఓ పక్కన కుప్ప పెట్టేవాడు. కాడలు మాత్రం వేలెడు వేలెడు ముక్కలు చేసి నీళ్లలో వేసేవాడు. ఆకు బౌదీకి, కాడ జమాయికి. మనం ఆకు తుంచుకుని ముదురు కాడ పారేస్తాం. బెంగాలీవాళ్లకి కాడంటే ప్రాణం. మా ఆయనకి ఈ ఓపికలేమీ లేవు. కట్టకి కట్ట, వేళ్లతో సహా, ఒక్క విసురు విసిరేవాడు.

ఇంతవరకు ఎవరికి వాళ్లం బాగానే ఉన్నాం.

ఆ డిసెంబరులో హట్‌బేలో షెడ్డు పని దొరికింది. హట్‌బే అంటే మాకు దక్షిణాన వేరే దీవిలో ఉంది, ఓడలో వెళ్లాలి. ఇద్దరూ కలిసి బయల్దేరారు. మా ఆయన గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ నా వంక చూడలేదు. తొట్టె వంక చూశాడు.

"రవణా, అల్లుడు జాగ్రత్తే. పస్తు పెట్టీకు," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "నేనెలాగున్నా పర్వానేదు మీకు. ఆ సేపనే మనువాడీవలిసింది," అన్నాను. నిమాయి పకపకా నవ్వాడు. అతనికి తెలుగు సగం సగమే వచ్చు, తిట్లు మాత్రం పూర్తిగా అర్థమయ్యేవి. "బౌదీ, మై హూ నా," అన్నాడు. నేనున్నాగా అని. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ ఆదివారం పొద్దున్న భూమి ఊగింది. ఊగడమంటే... నిలబడలేకపోయాం. తొట్టెలో నీళ్లు అటూ ఇటూ ఎగిరి సగానికి సగం హాల్లో పడ్డాయి. అత్తని ఈడ్చుకుంటూ బయటికి పరిగెత్తాను. వీధి వీధంతా బయటే. కాసేపటికి కింద వైపు నుంచి జనం పైకి పరిగెత్తుకొస్తున్నారు. సముద్రం లోపలికొచ్చేసింది అంటున్నారు. మా ఇంటి దాకా రాలేదు. కానీ హట్‌బే... మర్నాటికి తెలిసింది. ఒడ్డున ఉన్నవేవీ మిగల్లేదట. బతికినవాళ్లు అడవిలోకి ఎక్కేశారట. ఎవరు బతికారో, ఎవరు లేరో చెప్పేవాళ్లు లేరు. ఫోన్లు లేవు. కరెంటు వచ్చేది, పోయేది.

ఇక రోజూ జెట్టీకి వెళ్లడమే పని. ఓడ వచ్చిందంటే పరుగు. దిగేవాళ్ల మొహాలు చూడటం. ఒంటి మీద బట్టలు వాళ్లవి కావు, చేతిలో ఏ సామానూ లేదు. నేను ప్రతివాళ్లనీ అడిగేదాన్ని. పొడుగ్గా ఉంటాడు, వెల్డింగ్ చేస్తాడు, పక్కన ఒక బెంగాలీ కుర్రాడుంటాడు... చూశారా? తల అడ్డంగా ఊపేవాళ్లు. ఇంటికొచ్చేదాన్ని. అత్త నా మొహం చూసి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది.

ఇక అల్లుడు. భూమి ఊగిన రోజు నుంచి తినడం మానేశాడు. తొట్టెలో ఒక మూలకి చేరి, గుమ్మం వైపు మొహం పెట్టి, అలా ఉండిపోయాడు. ఎప్పుడైనా పైకొచ్చి గుళుక్కున ఓ గుక్క గాలి మింగేవాడు, మళ్లీ మూలకే. పక్కింటివాళ్ల రంగురంగుల చేపలన్నీ గాలి మోటారు ఆగిపోయి చచ్చిపోయాయి. ఇది బయటి గాలి పీల్చే జాతి కాబట్టి బతికి ఉంది. కానీ తిండి లేకుండా ఎన్నాళ్లు? పొలుసు కింద ఒళ్లు లోపలికి పోవడం కనిపించేది.

నేను తినిపించని విధం లేదు. నేను ఎప్పుడూ సవతీ అని తిట్టిన దాని ముందు కూర్చుని, లేత ఆకులు ఒక్కొక్కటే తుంచి, పసిబిడ్డకి పెట్టినట్టు పెట్టాను. ఆకులు తేలేవి. నల్లబడేవి. తీసేసేదాన్ని.

మీకొకటి చెప్తాను, నవ్వకండి. నాకు నేనే ఒక లెక్క పెట్టుకున్నాను. ఈ చేప బతికినంతకాలం ఆయన బతికున్నట్టే. ఇది చచ్చిపోతే... ఇంక జెట్టీకి వెళ్లక్కర్లేదు. ఇలా అని ఎవరూ చెప్పలేదు. ఏ శాస్త్రంలోనూ లేదు. కానీ ఆ రోజుల్లో నేను పట్టుకోవడానికి నాకు ఇంకేమీ లేదు.

ఒక సాయంత్రం తూటికూర కూడా కష్టంగా దొరికింది. సిప్పీఘాట్ వైపు పొలాల్లోకి సముద్రం నీళ్లు వచ్చేశాయి. అక్కడ తెలిసినావిడ ఒకామె, మిగిలిన మడిలోంచి ఒక కట్ట కోసి ఇచ్చింది. జెట్టీ నుంచి నడిచి నడిచి ఇల్లు చేరాను. ఆ రోజు కూడా ఎవరూ చూడలేదన్నారు. తొట్టె దగ్గరికి వెళ్తే అల్లుడు కాస్త పక్కకి ఒరిగి ఉన్నాడు. ఒరగడం అదే మొదటిసారి.

నాకు కోపమొచ్చింది. ఏడుపు రావలసిన చోట కోపమొచ్చింది. కట్ట విప్పను కూడా విప్పలేదు. మూత మీద విసిరికొట్టాను. "తింతే తిను. నేకుంతే సావు," అన్నాను. అని, వెంటనే నాలిక్కరుచుకున్నాను.

తలుపు తాళం వేశాను. తాళంచెవి కొంగున ముడేశాను. ఇది గుర్తు పెట్టుకోండి... తాళంచెవి నా కొంగునే ఉంది. రోజూ భూమి కాస్త కాస్త కదులుతూనే ఉండేది కాబట్టి వీధిలో ఎవరూ ఇళ్లలో పడుకునేవాళ్లు కాదు. మా ఇంటి ముందు ఖాళీ జాగాలో టార్పాలిన్ కట్టుకుని, ఆడవాళ్లమంతా ఒక వరసలో పడుకునేవాళ్లం. నా పక్కన అత్త. నా పక్కనే. ఆవిడ చెయ్యి నా మీదే వేసుకుని పడుకునేది, నేను ఎక్కడికైనా పోతానేమోనని.

నడిరేయి దాటి ఉంటుంది. సన్నగా చినుకులు. టార్పాలిన్ మీద అవి పడుతున్న చప్పుడు వింటూ పడుకున్నాను, నిద్ర రాలేదు.

టప్.

చినుకే అనుకున్నాను.

టప్... టప్...

చినుకు కాదు. ఇంట్లోంచి వస్తోంది.

లేచి కూర్చున్నాను. చెవులు రిక్కించాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత మళ్లీ... టప్. ఆగింది. టప్... టప్.

ఉంగరం! ఆయన ఉంగరం. అద్దం మీద. కాస్త మెత్తగా వినిపిస్తోంది. కిటికీలు మూసి ఉన్నాయి కదా, అందుకే అనుకున్నాను.

భయం వేసిందా అని అడుగుతారు అందరూ. వెయ్యలేదు. ముందు వచ్చింది ఆశ. వచ్చేశాడు! ఏదో ఓడలో రాత్రి దిగాడు, మమ్మల్ని లేపడమెందుకని లోపలికి వెళ్లాడు, ఎప్పటిలాగే నన్ను పలకరించకుండా ముందు చేప దగ్గరికే వెళ్లాడు. అత్త చెయ్యి మెల్లగా తీసి పక్కన పెట్టాను. లాంతరు పట్టుకుని గుమ్మం దాకా దాదాపు పరిగెత్తాను. కొంగు ముడి విప్పుతున్నాను...

అప్పుడు ఆగింది నా చెయ్యి.

తాళం వేసే ఉంది. తాళంచెవి నా వేళ్ల మధ్య ఉంది.

లోపల... టప్.

వెనక్కి వెళ్లిపోదామనుకున్నాను. అత్తని లేపుదామనుకున్నాను. కానీ లోపలున్నది ఆయనే అయితే? ఎలా వచ్చినా ఆయనే అయితే? తాళం తీశాను. తలుపు తోశాను. గుమ్మం దాటలేదు. లాంతరు ఎత్తి పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

ఎవరూ లేరు.

హాలు ఖాళీగా ఉంది. కుర్చీ ఉన్నచోటే ఉంది. కిటికీ గడియలు పడే ఉన్నాయి. తొట్టె ముందు నేల మాత్రం తడిగా ఉంది. లాంతరు వెలుగు ఆ తడి మీద మెరుస్తోంది.

తొట్టెలో అల్లుడు మూలన లేడు.

మధ్యలో ఉన్నాడు. అద్దానికి ఆనుకుని ఉన్నాడు. నిటారుగా ఉన్నాడు. నోరు కదులుతోంది... కరుక్... కరుక్... నములుతున్నాడు. ఎన్ని రోజుల తర్వాతో నములుతున్నాడు. నములుతూనే మెల్లగా కదిలాడు. అద్దం వెంబడి. ఈ చివర్నుంచి... ఆ చివరికి. ఒక్క కన్ను బయటికి పెట్టి. ఆగాడు. తిరిగాడు. మళ్లీ ఆ చివర్నుంచి... ఈ చివరికి.

ఆ కదలిక నాకు తెలుసు. రోజూ చూసిందే. వేలి వెనక సాగే కదలిక అది.

వేలు మాత్రం లేదు.

నా నోట్లోంచి మాట ఎలా వచ్చిందో తెలీదు. "ఏటండీ... మీరేనా?" అన్నాను.

చేప ఆగిపోయింది. తర్వాత కాస్త పైకి లేచింది. మనిషి కూర్చున్నవాడు లేచి నిలబడితే చూపు ఎంత ఎత్తుకి లేస్తుందో, అంత. ఆ పైన మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. గుమ్మం వైపు. నా వైపు. కానీ నన్ను చూడటం లేదు. నా వైపు వస్తున్నదాన్ని చూస్తోంది. దాని కన్ను కొంచెం కొంచెంగా జరుగుతోంది... దగ్గరికి... ఇంకా దగ్గరికి... నా పక్కకి... నా భుజం దాటి... వెనక్కి.

అంతే. తర్వాత తోక ఒక్కసారి ఆడించి నీళ్లలో తేలుతున్న ఏవో ముక్కల దగ్గరికి వెళ్లిపోయింది.

గాలి వీచలేదు. ఎవరూ తగల్లేదు. లాంతరు ఆరిపోలేదు. నేను మాత్రం లాంతరు కింద పెట్టి గుమ్మంలోనే కూర్చున్నాను. చాలాసేపు వెనక్కి తిరిగి చూడలేదు. చూసేసరికి చినుకులే ఉన్నాయి.

నాకు అర్థమైపోయింది. మునిగిపోయాడు. సముద్రంలో పోయిన మనిషి, అల్లుడు పస్తున్నాడని తెలిసి, తడిబట్టలతో వచ్చి, తినిపించి వెళ్లాడు. వచ్చింది కూడా నా కోసం కాదు. ఇదీ నాకు తట్టింది, దాచడమెందుకు. కొంగు నోట్లో కుక్కుకుని తెల్లారేదాకా ఏడ్చాను. ఎవరికీ చెప్పలేదు. చెప్తే గాజులు పగలగొట్టాలి. చెప్పనంతసేపూ ఆయన ఓడ ఇంకా రావలసే ఉంది.

పొద్దున్న అత్త వంటకి తొందర చేసింది. లోపలికి వెళ్లాను. తొట్టె మూత మీద తూటికూర ఆకులు శుభ్రంగా దూసి కుప్ప పెట్టి ఉన్నాయి. కాడలు లేవు. కట్టకి కట్టిన అరటినార పక్కనే ఉంది. అత్త ఎప్పుడో లోపలికొచ్చి ఆకు బాగుచేసి పెట్టిందనుకున్నాను. ఆకు కుప్ప కనిపిస్తే మనలాంటివాళ్లకి ఇంకేం తోస్తుంది, పప్పు తోస్తుంది. బుర్ర పనిచేయడం లేదు, చేతులు మాత్రం పనిచేశాయి. కడిగి పప్పులో వేశాను. ఇద్దరం తిన్నాం.

అత్త మొదటి ముద్దకే మొహం చిట్లించింది. "ఏటే రవణా, ఉప్పు రెండుపాలు ఏసీసినావా? సముద్రం నీల్లలాగున్నాది!"

నేను ఉప్పు వేశానో లేదో నాకే గుర్తులేదు. నీళ్లు కలిపి మింగేశాను.

ఆ రోజు నుంచి అల్లుడు తినడం మొదలుపెట్టాడు. నా చేత్తోనే. ఇప్పుడు నువ్వు తింటే ఏం, తినకపోతే ఏం అనుకునేదాన్ని. నా లెక్క తారుమారైపోయింది. చేప బతికింది, మనిషి పోయాడు. అయినా జెట్టీకి వెళ్లడం మాత్రం మానలేదు. మానితే అత్తకి తెలిసిపోతుంది.

కొన్నాళ్లకి... ఒక మధ్యాహ్నం. జెట్టీ నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుని ఉన్నాను. వీధి చివర్నుంచి ఎవరో నడిచొస్తున్నారు. ఒంటి మీద పొట్టి చొక్కా, ఎవరో దానమిచ్చిందని చూస్తేనే తెలుస్తోంది. కాళ్లకి గుడ్డపీలికలు. గడ్డం. నేను చూస్తూనే ఉన్నాను కానీ లేవలేదు. పట్టపగలు కూడా వస్తున్నాడు అనుకున్నాను. చేపకి తిండి పెట్టడానికి మళ్లీ వచ్చాడు అనుకున్నాను.

"అరే, క్యా హువా? అలగ సూస్తావేటే? నానే!" అన్నాడు.

నేను ఏం చేశానో తెలుసా? కిందికి చూశాను. నీడ ఉందా లేదా అని. నీడ ఉంది. పక్కన చినిగిన చొక్కా అంచు నీడ కూడా ఉంది. అప్పుడు లేచాను. వెళ్లి చేతుల్తో తడిమాను. మొహం, భుజాలు, చేతులు. చెమట. బొబ్బలు. వెచ్చగా ఉన్నాడు. దెబ్బ మీద నా వేలు తగిలి "అబ్బా!" అని అరిచాడు. నా జన్మలో అంత తియ్యటి మాట వినలేదు. అత్త లోపల్నుంచి వచ్చి, "ఓలమ్మో, నా నాయనో!" అని ఏడ్చిన ఏడుపుకి వీధంతా పోగైంది. నాకు నవ్వొస్తోంది. ఆపుకోలేక నవ్వుతున్నాను. అందరూ నాకు పిచ్చెక్కిందనుకున్నారు.

ఆ రాత్రి వర్షమో వెన్నెలో నాకేమీ గుర్తులేదు. ఆయన అన్నం తింటున్నాడు, నేను చూస్తున్నాను, అదే గుర్తు. అన్నం అయ్యాక అడిగాను. "నిమాయి ఏడీ? రంగత్ ఎల్లిపోనాడా?"

చెయ్యి కడుక్కుంటున్నవాడు ఆగిపోయాడు.

అప్పుడు చెప్పాడు. నీళ్లు వెనక్కిపోవడం చూసి ఇద్దరూ కొండ వైపు పరిగెత్తారట. సగం దూరంలో నిమాయికి గుర్తొచ్చిందట, షెడ్డులో ఇంకో ఇద్దరు పడుకుని ఉన్నారని. "తూ చల్, మై ఆతా హూ," అన్నాడట. నువ్వు పద, నేను వస్తా అని. వెనక్కి వెళ్లాడు. ఆ ఇద్దరూ పరిగెత్తుకుంటూ పైకొచ్చారు. నిమాయి రాలేదు. మా ఆయన ఇన్నాళ్లూ ఓడెక్కకుండా అక్కడే వెతుకుతూ ఉండిపోయాడు. దొరకలేదు. చివరికి ఆ ఇద్దరే బలవంతాన ఓడెక్కించారట.

తర్వాత నేను ఆ రాత్రి సంగతి చెప్పాను. మొదటిసారి. తాళం, చప్పుడు, చేప, తడి, అన్నీ. "నానైతే మీరే అనుకున్నాను. మీ ఉంగరం సప్పుడే," అన్నాను.

ఆయన చెయ్యి చాపి చూపించాడు. ఉంగరం లేదు. పనిలో వేడెక్కుతోందని తీసి షెడ్డులో పెట్టాడట. అది షెడ్డుతోనే పోయింది.

"ఆకులు దూసీసి మీ యమ్మ కుప్పెట్టింది గానీ..." అని నేనంటున్నాను.

అత్త తలెత్తింది. "నానా? నానెప్పుడు దూసినానే? నానసలు లోపలికే ఎల్నేదు. నువ్వే దూసినావనుకున్నాను!"

ముగ్గురం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. పప్పు... ముగ్గురిలో ఇద్దరం తిన్నాం ఆ పప్పు.

మా ఆయన లేచాడు. వంటింట్లోకి వెళ్లాడు. "సప్పుడు ఎలగొచ్చింది? మల్లీ సెప్పు," అన్నాడు అక్కణ్నుంచి.

"టప్... టప్... అలగ. అద్దం మీద కొట్టినట్టు. రవ్వ మెత్తగా."

వచ్చాడు. చేతిలో తూటికూర కాడ. నా చెవి దగ్గర పెట్టాడు. తూటికూర కాడ లోపల బోలుగా ఉంటుంది కదా. రెండు చేతులతో పట్టుకుని విరిచాడు.

టప్.

"ఇలగా?"

విరిగిన గొట్టంలోంచి నీటిబొట్టు ఒకటి నేల మీద పడింది. తొట్టెలో అల్లుడు అద్దం దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. అత్త రెండు చేతులూ జోడించి దండం పెట్టింది, ఎటు పెట్టాలో తెలీక చేప వైపే పెట్టింది.

నాకేమనిపించిందో చెప్తాను. ముందు వచ్చిన భయం ఒక్క క్షణమే. ఆ వెంటనే గుండె మీంచి పెద్ద బరువు దిగింది. ఆ రాత్రి వచ్చింది ఈయన కాదు. ఈయన నా కొంప ముందు తడిబట్టలతో ఎప్పుడూ నిలబడలేదు. ఈయన ఎక్కడికీ పోలేదు. ఆ తర్వాతే నిమాయి గుర్తొచ్చి ఏడ్చాను. మై హూ నా అన్నాడు, ఉన్నాడు.

ఉన్నాడా? ఏమో. నాకు ఇప్పటికీ తెలీదండీ. తడి ఉందంటే, భూమి కదిలి తొట్టెలో నీళ్లు చింది ఉండొచ్చు. ఉప్పంటే, సముద్రం నీళ్లెక్కిన పొలంలో ఆకు అది, ఉప్పగా ఉండదా? కాడలంటే... ఎలుకలు ఆకు వదిలి కాడలే కొరుక్కుపోతాయా? పోతాయేమో, నేను ఎలుకని కాను. అత్త నిద్రలో లేచి చేసి మర్చిపోయిందేమో. తాళంచెవి నా కొంగున ఉంటే ఎలా చేసిందో అది నన్నడక్కండి. ఎన్నిసార్లు అనుకున్నా ఒకటి అతుకుతుంది, ఇంకొకటి ఊడుతుంది. ఆ చేప చూపు నా భుజం దాటి వెనక్కి వెళ్లడం మాత్రం దేనికీ అతకలేదు.

దారులు బాగుపడ్డాక రంగత్ వెళ్లాం, నిమాయి వాళ్లమ్మ దగ్గరికి. కొడుకు ఎలా వెనక్కి వెళ్లాడో మా ఆయన చెప్పాడు. ఆ రాత్రి సంగతి చెప్పాలా వద్దా అని నేను తటపటాయించాను. చివరికి చెప్పాను. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ మొత్తం వింది. భయపడలేదు, ఆశ్చర్యపోలేదు. బెంగాలీలో ఒక్కటే అడిగింది. అదేమిటో మా ఆయన నాకు తెలుగులో చెప్పాడు.

"జమాయికి పెట్టాడు సరే... వాడేమైనా తిన్నాడా?"

పెహలే జమాయి అనేవాడు కదా. ముందు అల్లుడు, తర్వాత తను. ఆ రాత్రి ఆ తర్వాతది మాత్రం నేను చూడలేదు.

అల్లుడుగారు ఇంకా ఉన్నారు. ముసలివాడయ్యాడు, ఒక కన్ను మసకేసింది, అలక మాత్రం తగ్గలేదు. మా ఆయనకి జుట్టు నెరిసింది. సోఫా ఇంకా రాలేదు. రాత్రి పడుకోబోయే ముందు తొట్టె మూత మీద తూటికూర కట్ట పెడతాను. పక్కన చిన్న గిన్నెలో అన్నం, పప్పు. పొద్దున్నకి గిన్నె ఖాళీగా ఉంటుంది. మా వీధిలో పిల్లులకి కొదవ లేదు, కిటికీ కూడా ఒకటి తెరిచే ఉంచుతాను. పిల్లే అయ్యుంటుంది.

అప్పుడప్పుడూ నిద్రలో చప్పుడు వినిపిస్తుంది. టప్... టప్... మా ఆయనకి కూడా వినిపిస్తుందని నాకు తెలుసు, ఊపిరి మారుతుంది. ఇద్దరం లేవం. లాంతరు వెలిగించం. "తిను బాబూ," అని అటు తిరిగి పడుకుంటాను. నిద్ర హాయిగా పడుతుంది.